కోళ్ళ కార్యక్రమానికి ముందు

మంగళవారం, మధ్యాహ్నం

అక్కకు,

చెల్లెలు నమస్కారాలతో రాస్తున్నది. అక్కడ నువ్వూ బావగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడి సంగతి నీకు తెలిసిందే. మేమంతా క్షేమమని రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు.

నీ కార్డు అందింది. పోయేముందు నాన్న నన్ను అడిగాడా అని ఒక్కటే ప్రశ్న రాశావు. అడిగాడని ఒక్క ముక్క రాసిపడేస్తే దాని మనసు కుదుటపడుతుంది కదే అని అమ్మ అంది. నాన్న విషయంలో నాకు అబద్ధం ఆడబుద్ధి కాలేదు. ఫోనులో అయితే సగం చెప్పకుండా మింగేస్తాను. అందుకే ఈ ఉత్తరం.

జరిగింది జరిగినట్టు చెబుతాను. పక్షవాతం వచ్చిన రోజే మాట పోయింది, కుడి చెయ్యి పడిపోయింది. ఎడమ చెయ్యి ఒక్కటే ఆడేది. దాన్ని గుండె మీద పెట్టుకుని, రెండుసార్లు మెల్లగా తట్టుకుని, అరచెయ్యి మా వైపు చాపేవాడు. మళ్ళీ అదే. నీళ్ళు కావాలా అంటే తల అడ్డంగా ఊపాడు. దుప్పటి బరువుగా ఉందేమోనని తీస్తే కళ్ళు మూసుకున్నాడు. గుండెలో నొప్పని చూపిస్తున్నాడేమో అని నర్సు అంటే, అంతే అయివుంటుందని డాక్టరును పిలిచాం. ఆయన మందిచ్చాడు. ఆ మత్తుకు చెయ్యి ఆగిపోయింది, ఆ మర్నాడే నాన్న పోయాడు. నీ పేరు ఆయన నోట రాలేదక్కా. ఇదీ నిజం.

ఆయన తత్త్వం నీకు కొత్తగా చెప్పాలా? ఊళ్ళో సగం మంది నవ్వేది ఆయన చేసిన కట్టుడు పళ్ళతోనే, ఆయన మాత్రం ఇంట్లో పళ్ళు కనబడనిచ్చేవాడు కాదు. వినపడని మనిషిని పెళ్ళి చేసుకుంటానని నువ్వన్న రోజు, చేతులు ఊపుకుంటూ బతుకుతావా అని ఎంత అరిచాడు! తను బతికింది మాత్రం దేనితో, చేతులతోనేగా? నువ్వు వెళ్ళిపోయాక నీ ఊసెత్తితే కంచం ముందు నుంచి లేచిపోయేవాడు. టీవీ వార్తల్లో వినపడనివాళ్ళ కోసం సైగలతో చెప్పే ఉద్యోగం నీకు వచ్చిందని నేను చెప్పినప్పుడు కూడా, విననట్టే చెప్పులేసుకుని బయటికి పోయాడు.

ఇక అసలు సంగతి. మన టీవీ కనెక్షన్ నాన్న పేరున ఉంది కదా, రికార్డు చేసే ఆ బాక్సును శనివారం వచ్చి పట్టుకుపోతానని కేబుల్ అతను చెప్పాడు. అందులో ఉన్నవి ఇంకోచోటికి ఎక్కించడం కుదరదట. అమ్మ సీరియల్ ఏమైనా మిగిలిందేమోనని నిన్న తెరిచి చూశాను. పై నుంచి కింది దాకా అన్నీ కోళ్ళే! మధ్యాహ్నం వార్తలయ్యాక వచ్చే కోళ్ళ పెంపకం కార్యక్రమం.

నువ్వు లేవు గానీ, ఈ కోళ్ళ మీద ఇంట్లో పెద్ద రామాయణమే నడిచింది. నాన్న రోజూ దాన్ని రికార్డు పెట్టుకుని, సాయంత్రం పని నుంచి రాగానే తలుపు దగ్గరగా వేసుకుని చూసేవాడు. ఒక్కటీ చెరపనిచ్చేవాడు కాదు. బాక్సు నిండిపోయి అమ్మ సీరియల్లో పెళ్ళి ఎపిసోడ్ కాస్తా ఎగిరిపోయింది. ఈ మూడో అంతస్తులో కోళ్ళఫారం పెడతారా, గుడ్లు నా మంచం కింద పొదిగిస్తారా అని అమ్మ దులిపేసింది. ఆయన లేచి తలుపు గడియే పెట్టుకున్నాడు!

అంతగా ఏముందో చూద్దామని ఒకటి నొక్కాను. కోళ్ళు రాలేదు. వార్తల చివరి ముక్క వచ్చింది. కార్యక్రమానికి కాస్త ముందే రికార్డు మొదలయ్యేట్టు పెట్టుకున్నాడు మహానుభావుడు. తెర మూలన చిన్న గుండ్రం, అందులో నువ్వు. ఇంకోటి నొక్కాను. నువ్వే. ఇంకోటి. నువ్వే అక్కా. వార్తలే రికార్డు చేస్తే మేం పసిగడతామని కోళ్ళ చాటున దాక్కున్నాడు.

నీ మొహమే చూస్తూ కూర్చున్నాను. చిక్కిపోయావు. కళ్ళద్దాలు ఎప్పుడు పెట్టుకున్నావు? నాన్న నిన్ను అడగలేదు గానీ రోజూ చూశాడు. అది నీకు చాలుతుందో లేదో తెలియదు. నాకైతే చాలలేదు. ఏడుపూ వచ్చింది, ఆయన మీద ఒళ్ళు మండే కోపమూ వచ్చింది.

ఆరోగ్యం చూసుకో.

ఇట్లు,
నీ జడ పట్టి లాగి పారిపోయే
చెల్లెలు

తా.క. కవరు అంటించబోతుంటే అమ్మ తనూ చూస్తానంది. పక్కన కూర్చోబెట్టుకుని ఒకటి పెట్టాను. నేను నీ మొహం చూశాను, అమ్మ నీ చేతులు చూసింది. వార్తలు ముగిశాక, కోళ్ళు రాబోయే ముందు, నువ్వు చెయ్యి గుండె మీద పెట్టుకుని రెండుసార్లు తట్టి, అరచెయ్యి మా వైపు చాపావు. అమ్మ నా మణికట్టు పట్టేసుకుంది. అది మీ నాన్న చెయ్యేనే, ఆయన ఎడమచేత్తో చేశాడు, అంతే తేడా అంది. తర్వాత ఎన్ని చూశామో, అన్నిట్లోనూ నువ్వు చివర్లో చేసేది అదే. ఆయన నేర్చుకున్నాడక్కా. మేమేమో దానికి గుండెనొప్పి మందు ఇప్పించాం. అర్థం తెలిసినవాడు ఈ ఇంట్లో ఆయన ఒక్కడే. ఆ అర్థం ఉత్తరంలో రాయకు. శనివారం లోపల వచ్చి అమ్మ ఎదురుగా కూర్చుని చెప్పు. బావగారిని కూడా తీసుకురా.