కొక్కెం చప్పుడు

మే 4, ఆదివారం. మధ్యాహ్నం రెండు

భోజనం సయించలేదు. ఎండదెబ్బ అని మా ఆవిడకు చెప్పాను.

ఎండదెబ్బ ఎలా తగులుతుంది? పొద్దున వెళ్లింది చెట్ల దారికి. పదింటికి కూడా అక్కడ నేల మీద ఎండ పడదు. కుక్కల్ని రానిచ్చే నీడ దారి ఊళ్లో అదొక్కటే. బిస్కట్‌ని అక్కడికే తీసుకెళ్తాను. బిస్కట్ మా ఆవిడ కుక్క. ముద్దులు ఆవిడవి, తిప్పడం నాది.

గేటు దగ్గర పసుపు బోర్డు ఉంది. ‘కుక్కలను లీష్‌తోనే తీసుకురండి’. మూడేళ్ల కిందట రాసింది నేనే. ఇరవై ఎనిమిదేళ్లుగా బోర్డులు రాస్తున్నాను. రాసినవాడికి ఆ రాత వర్తించదని నాకో నమ్మకం. ‘ఇక్కడ ఉమ్మివేయరాదు’ అని రాస్తూ రాస్తూ పక్కన ఉమ్మేసిన ఘనుణ్ణి.

రెండో మలుపు దాటాక ఎవరూ కనపడలేదు. లీష్ కొక్కెం తీసేశాను. వాడు చెవులు ఎగరేసుకుంటూ ముందుకు పరిగెత్తాడు. కాసేపటికి కేక వినపడింది.

లైబ్రరీ మేడమ్. దారి మధ్యలో బోర్లా పడి ఉంది. వెనక నుంచి వెళ్లి కాళ్లకు అడ్డం పడినట్టున్నాడు. పక్కనే నిలబడి తోక ఊపుతున్నాడు వెధవ. ఆమె మొహం అటువైపు ఉంది. మమ్మల్ని చూడలేదు.

నేను ముందు చేసిన పని, వాడి మెడపట్టీకి కొక్కెం తగిలించడం. తర్వాతే ఆమె దగ్గరకు వెళ్లాను.

పడుతుంటే కంటపడింది, గోధుమరంగు కుక్కేదో తగిలింది, ఎవరిదండీ అని అడిగింది. అటు పారిపోయిందండీ అన్నాను. గోధుమరంగు కుక్క నా చేతిలోనే ఉంది. లీష్‌తో ఉన్న కుక్కను ఎవరు అనుమానిస్తారు?

గేటు దాకా నడిపించుకొచ్చి ఆసుపత్రికి ఆటో పిలిచాను. సమయానికి దేవుడిలా వచ్చారని గార్డుతో చెప్పింది. నేను తల దించుకున్నాను. వినయం అనుకుని ఉంటారు.


మే 5

కుడి మణికట్టు రెండుచోట్ల విరిగిందట. మా ఆవిడ వీధిలో అందరికీ చెబుతోంది, మా ఆయనే ఆసుపత్రికి పంపించారని.


మే 7, బుధవారం

గార్డు షాపుకి వచ్చాడు. ఈ చుట్టుపక్కల గోధుమరంగు కుక్కలు రెండేనట. ఒకటి మీది, అది మీ చేతిలోనే ఉంది కదా, ఇంకోటి టైలరు తాతది, మరి అదేనా అన్నాడు.

రంగు అలాంటిదే, సరిగ్గా చూడలేదు అన్నాను.

అవునని అనలేదు. కాదనీ అనలేదు. ఇంత నేర్పు ఎప్పుడు అబ్బిందో నాకు.

టైలరు తాత షాపు నా ఎదురుగానే. ఆయన కుక్కకు పద్నాలుగేళ్లు. గుండె బాగోలేదు. ఎండలో నాలుగు అడుగులు వేస్తే కూలబడిపోతుంది. పరిగెత్తి ఒకరిని పడేయడం మాట అటుంచి, పడుకున్నది లేవడానికే బతిమాలించుకుంటుంది. గార్డుకి ఈ సంగతి తెలియదు. నాకు తెలుసు.


మే 9

తాతను చెట్ల దారికి రావద్దన్నారట. ఇవాళ ఆయన మిషను చప్పుడు వినపడలేదు.


మే 11, ఆదివారం. సాయంత్రం

మా ఆవిడ పట్టుబట్టి మేడమ్‌ని చూడ్డానికి తీసుకెళ్లింది. మోచేతి దాకా కట్టు. ఎడమచేత్తో పుస్తకం పేజీలు తిప్పుతోంది. ఒక్కో పేజీ గడ్డంతో నొక్కిపట్టి తిప్పుతోంది.

నాకు కుర్చీ వేయించింది. ఇంకెవరైనా అయితే మనకెందుకని పక్కనుంచి పోయేవాళ్లు అంది.

తర్వాత ఒక మాట చెప్పింది. పడ్డాక, అంటే పూర్తిగా పడిపోయాక, టక్‌మని చప్పుడు వినపడిందట. అదే ఎముక విరిగిన చప్పుడట. డాక్టరు నవ్వాడట, పడ్డాక విరగడమేంటండీ అని. కానీ తను స్పష్టంగా విందట. కళ్లు మూసుకుంటే అదే టక్. ఆ చప్పుడుకి ఉలిక్కిపడి లేస్తోందట. పెన్ను మూత పెట్టినా, తలుపు గడియ పడినా చేతిలోది పడేస్తోందట. మీకేమన్నా వినపడిందా అని నన్ను అడిగింది.

లేదండీ అన్నాను.

దారి పొడవునా మా ఆవిడ పాపం, పాపం అంటూనే ఉంది. సిగ్గుతో చచ్చిపోయాను అంటారే, ఎవరూ చావరు. ఇంటికొచ్చి చెప్పులు విప్పి కాళ్లు కడుక్కున్నాను.


మే 13, మంగళవారం

గార్డు కొత్త ఆర్డరు తెచ్చాడు. పాత బోర్డు తీసేస్తారట. ‘కుక్కలకు ప్రవేశం లేదు’. ఆదివారానికి కావాలి.

వాడు వెళ్లగానే టైలరు తాత రోడ్డు దాటి వచ్చాడు. చేతిలో లీష్. ప్యాంట్ల గుడ్డ మిగిలిన ముక్కలతో తనే కుట్టింది, మూడు వరసల కుట్టు. ఇది లేకుండా నా కుక్క ఆ గేటు ఏనాడూ దాటలేదురా, రోజూ ఎదురుగా ఉన్నవాడివి, నువ్వు చూశావు కదా అన్నాడు. నువ్వు చెబితే వింటారు, ఒక్క మాట చెప్పు అన్నాడు. నాలుగు రోజులుగా రోడ్డు మీద తిప్పుతున్నాడట. కాళ్లు కాలి నడవనంటోందట.

సాక్ష్యం నన్నే అడిగాడు. చూద్దాం తాతా అన్నాను. ఆయన నా భుజం తట్టి వెళ్లాడు.


మే 15, గురువారం

బోర్డు రాశాను. ఇన్నేళ్లలో ఇంత చక్కటి అక్షరాలు నా చేతి నుంచి రాలేదు. చేతికి సిగ్గు లేదు.

మూలన నా సంతకం చేయాలి. నాకు పని నేర్పింది మా మేనమామ. సంతకం లేని బోర్డు షాపు గడప దాటకూడదనేవాడు. అది గొప్పకోసం కాదట. తప్పు రాస్తే ఎవడి కాలరు పట్టుకోవాలో జనానికి తెలియాలట.

సన్న బ్రష్ తీసుకుని కూర్చున్నాను. రంగు ఎండి బ్రష్ గట్టిపడిపోయింది. సంతకం చేయలేదు.


మే 16, శుక్రవారం. పదకొండు

మా ఆవిడకు చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. బిస్కట్ మెడపట్టీ, లీష్ తెచ్చి నా చేతిలో పెట్టింది. వెళ్లి ఆవిడతో చెప్పండి, నేను రాను అంది.


అదే రోజు, సాయంత్రం ఆరు

చెప్పాను. మేడమ్ పుస్తకం మూసి వింది.

చివర్లో లీష్ తీసి మెడపట్టీకి తగిలించాను. టక్.

ఆమె మొహంలో రంగు పోయింది. మళ్లీ తగిలించండి అంది. మళ్లీ తగిలించాను. కళ్లు మూసుకుని, అదే అంది.

పన్నెండు రోజులుగా నా ఎముకే అనుకున్నానండీ అంది. నేను కింద పడి ఉంటే ముందు ఇది తగిలించారా అని అడిగింది. అవునన్నాను. తలుపు దాకా వచ్చి, నేను బయటికి వెళ్లాక, గడియ చప్పుడు కాకుండా మెల్లగా పెట్టుకుంది.

అక్కడి నుంచి గార్డు దగ్గరకు వెళ్లి కాగితం రాసిచ్చాను. కింద సంతకం చేశాను. వాడు నానా మాటలూ అన్నాడు. అన్నీ నిజాలే.

టైలరు తాతకూ చెప్పాను. తల ఎత్తలేదు. నేను మాట్లాడుతున్నంతసేపూ మిషను తొక్కుతూనే ఉన్నాడు. చూస్తే సూదిలో దారం లేదు.


మే 18, ఆదివారం

ఆర్డరు రద్దయింది. మేడమ్ ఎడమచేత్తో పైవాళ్లకు ఉత్తరం రాసిందట. దారి అన్ని కుక్కలకీ ఉండాలి, తప్పు కుక్కలది కాదు అని. గార్డు చదివి వినిపించాడు. బిస్కట్‌కి మాత్రం నెల రోజులు ప్రవేశం లేదు. వాడేం చేశాడు పాపం.

ఏడింటికి తాత తన కుక్కతో చెట్ల దారి వైపు వెళ్లాడు. చాలా మెల్లగా. నా షాపు ముందుకు వచ్చేసరికి రోడ్డు అవతలివైపు మారాడు.

రాసిన రేకు మీద తెల్ల రంగు కొట్టాను. లోపల్నుంచి అక్షరాలు ఇంకా కనపడుతున్నాయి.


జూన్ 22, ఆదివారం

బిస్కట్‌ని దారికి తీసుకెళ్లాను. గేటు దగ్గర ఆగి కొక్కెం సరిగ్గా ఉందో లేదోనని ఒకసారి తీసి తగిలించాను.

ముందు మేడమ్ వెళ్తోంది. కట్టు విప్పేశారు. టక్‌మనగానే ఆగింది. వెనక్కి తిరగలేదు. పక్కకు జరిగి, కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని, మేం దాటేదాకా చెట్టు వైపు తిరిగి నిలబడింది.