ఇందిరాపురంలో తలసరి లోటు

ఇందిరాపురం,
2025 సెప్టెంబరు 3.

తలసరి ఆదాయ సందేహ నివృత్తి విభాగం వారి దివ్యసముఖమునకు,

ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో ముప్పై మూడేళ్లు స్టోర్‌కీపరుగా పనిచేసి విశ్రాంతి పొంది, ఢిల్లీ పక్కన ఇందిరాపురంలో ఉంటున్న పెద్దిరాజు స్వహస్తంతో రాసుకుంటున్న విన్నపం.

గడచిన సంవత్సరం ఈ దేశంలో తల ఒక్కింటికి సుమారు రెండు లక్షల అయిదు వేల రూపాయల ఆదాయం వచ్చినట్టు పత్రికలో చదివాను. మా ఇంట్లో తలలు నాలుగు. నేను, నా భార్య హైమవతి, సివిల్స్ పరీక్ష మూడోసారి రాస్తూ ఢిల్లీ ముఖర్జీనగర్‌లో అద్దెగదిలో ఉంటున్న మా అబ్బాయి రవికిరణ్, కంటి ఆపరేషనుకు తణుకు నుంచి వచ్చిన మా ఆవిడ అక్క, నాకు వదినగారు నాగేంద్రమ్మ. ఆ ప్రకారం మా ఇంటికి ఎనిమిది లక్షల ఇరవై వేలు వచ్చి ఉండాలి. వచ్చింది నా పింఛను మూడు లక్షల ముప్పై ఆరు వేలు మాత్రమే. తక్కిన నాలుగు లక్షల ఎనభై నాలుగు వేలు నాకు అందలేదని ఇందుమూలంగా మనవి చేస్తున్నాను.

ప్రభుత్వం ఒక సంఖ్యను అచ్చు వేసిందంటే అది ఏదో ఒక రిజిస్టరులో ఎక్కిందని అర్థం. రిజిస్టరులో ఉన్నది గదిలో లేకపోతే ఏమవుతుందో నాకు అనుభవమే. 1998లో మా స్టోర్సులో ఒక ఇనుప కుర్చీ తగ్గింది. నాలుగు వందల పన్నెండు రూపాయలు నా జీతంలోంచి నాలుగు వాయిదాల్లో రాబట్టారు. తరువాత ఆ కుర్చీ మేడమీద నీళ్లట్యాంకు పక్కన దొరికింది. డబ్బు దొరకలేదు.

కావున ఈ లోటును నా పింఛనులోంచి రాబట్టవద్దని ప్రార్థన.

భయభక్తులతో, అందులో భయమే ఎక్కువగా,
పెద్దిరాజు

తా.క.: ఇల్లంతా రెండుసార్లు వెతికాను. "ఏం పోయిందండీ?" అని మా ఆవిడ అడిగింది. "నాలుగు లక్షల ఎనభై నాలుగు వేలు" అన్నాను. వెతుకులాటలో నిరుడు దసరాకు పోయిన కుక్కరు మూత మాత్రం దొరికింది.

*

న్యూఢిల్లీ,
2025 సెప్టెంబరు 15.

గౌరవనీయ పౌరులు శ్రీ పెద్దిరాజు గారికి,

పౌరుడు ఏ భాషలో రాస్తే ఆ భాషలోనే జవాబివ్వాలన్న నియమాన్ని అనుసరించి, ఈ విభాగంలో తెలుగు వచ్చిన ఏకైక ఉద్యోగిని అయిన నాకు మీ ఫైలును అప్పగించారు.

తలసరి ఆదాయం ఎవరి చేతికీ ఇచ్చిన సొమ్ము కాదు. దేశం మొత్తం ఆదాయాన్ని దేశంలోని తలల సంఖ్యతో భాగిస్తే వచ్చే సగటు. వైశాలి మెట్రో స్టేషనులో మీవంటి వారు తొమ్మిదిమంది నిలబడి ఉండగా గురుగ్రామ్ నుంచి ఒక కోటీశ్వరుడు వచ్చి పక్కన నిలబడితే, పదిమంది సగటు పది లక్షలు దాటుతుంది. మీ జేబులో మార్పేమీ ఉండదు. తలల సంఖ్యను ఏటా అక్టోబరు ఒకటో తేదీ నాటికి తీసుకుంటాం. ఇందులో రాబట్టే ప్రసక్తే లేదు.

ఇట్లు,
అరుంధతి,
కనిష్ఠ గణాంక అధికారిణి

తా.క.: మీ ఉత్తరం రసీదు సంఖ్య 1. విభాగం ఏర్పడి ఆరేళ్లయింది. తపాలా సంచిలో ఉత్తరం కనబడగానే మొదట మేమే భయపడ్డాం.

*

ఇందిరాపురం,
2025 సెప్టెంబరు 24.

విభాగం వారి దివ్యసముఖమునకు,

తమరి ఓదార్పు అందింది. భయం రెట్టింపయింది.

ఒకటి: నా దగ్గర లోటు ఉన్నదంటే మరొకరి దగ్గర మిగులు ఉన్నదన్నమాట. ఆ గురుగ్రామ్ పెద్దమనిషి పేరు, చిరునామా తెలియజేస్తే, నా నాలుగు లక్షల ఎనభై నాలుగు వేలు ఆయన అధీనంలో ఉన్నట్టు ఒక కాగితం రాయించుకుంటాను. సొమ్ము ఆయనే ఉంచుకోవచ్చు.

రెండు: అక్టోబరు ఒకటిన తలల తనిఖీ ఉన్నదని తమరే అన్నారు. కాబట్టి ఆలోగా ఇంట్లో తలలు తగ్గించడం మొదలుపెట్టాను. సెప్టెంబరు ముప్పైన తణుకు వెళ్లిపొమ్మని వదినగారిని కోరాను.

"కంటికట్టు విప్పనిదే ఎలా వెళ్లను మరిదిగారూ? ఓ వారం ఆగి వెళతాలే" అన్నారావిడ.

"ఒకటో తారీఖు దాటితే లాభం లేదు వదినగారూ. ప్రభుత్వం మిమ్మల్ని రెండు లక్షల అయిదు వేలకు నా పేర రాసేస్తుంది."

"నన్నా? రెండు లక్షలకా? మీ అన్నగారు బతికున్నన్నాళ్లూ నన్ను రెండొందలకైనా లెక్కగట్టలేదు!" అని ఆవిడ సంతోషించి, వెళ్లనని కూర్చున్నారు.

అక్కను పంపితే తానూ వెళ్లిపోతానని నా భార్య అన్నది. అలా జరిగితే లోటు డెబ్బై నాలుగు వేలకు దిగుతుందని, అబ్బాయిని గది యజమాని లెక్కలో రాయిస్తే లక్షా ముప్పై ఒక్క వేలు మిగులు కూడా తేలుతుందని లెక్కవేసి ఆమెకు చూపించాను. ఇప్పుడు ఇద్దరూ కలిసి పెట్టెలు సర్దుకుంటున్నారు.

మిక్కిలి ఆందోళనతో,
పెద్దిరాజు

తా.క.: అప్పటినుంచి నా వంట నేనే చేసుకుంటున్నాను. కుక్కరు మూత దొరకడం మంచిదైంది.

*

న్యూఢిల్లీ,
2025 సెప్టెంబరు 27.
స్పీడ్ పోస్టు

శ్రీ పెద్దిరాజు గారికి,

ఎవరినీ ఎక్కడికీ పంపవద్దు. అక్టోబరు ఒకటిన ఎవరూ ఎవరి ఇంటికీ రారు. అది జనాభా అంచనా మాత్రమే. మీ వదినగారు తణుకులో ఉన్నా ఇందిరాపురంలో ఉన్నా దేశం దృష్టిలో ఒక తలే.

మీకు ఊరట కలిగించే సంగతి ఒకటి చెబుతాను. ఏళ్లు గడిచేకొద్దీ ఆదాయం నిజంగా పెరిగిందా, ధరలు పెరగడం వల్ల పెరిగినట్టు కనిపిస్తోందా అని తేల్చడానికి, అన్ని సంవత్సరాల ఆదాయాన్నీ ఒకే సంవత్సరపు ధరల్లో కొలుస్తాం. ఇప్పుడు కొలుస్తున్నది 2011-12 ధరల్లో. ఆ కొలతలో తలకు వచ్చేది సుమారు లక్షా పదిహేను వేలే. నిశ్చింతగా ఉండగలరు.

ఇట్లు,
అరుంధతి

తా.క.: ఇది రాస్తూ మా ఇంటి తలలతో కూడా ఒకసారి లెక్క వేసి చూశాను. చూడకుండా ఉండవలసింది.

*

ఇందిరాపురం,
2025 అక్టోబరు 4.

విభాగం వారి దివ్యసముఖమునకు,

తమరి స్పీడ్ పోస్టును నా భార్య చదివి వినిపించింది. అక్కాచెల్లెళ్లు ప్రయాణం మానుకున్నారు. ఆ మానుకోవడం నా కోసం కాదని స్పష్టం చేశారు.

ప్రభుత్వం వద్ద 2011-12 ధరలు ఇంకా చెల్లుబాటులో ఉన్నాయని తెలిసి, తమరి ఉత్తరం పట్టుకుని కూరల బండి దగ్గరికి వెళ్లాను. "భయ్యా, ఇందులో రాసిన సంవత్సరం ధరకు కిలో టమాటాలు ఇవ్వు" అన్నాను. అతను ఉత్తరం మీది ముద్రకు నమస్కారం పెట్టి, "అంకుల్‌జీ, ఆ ధర కావాలంటే ఆ ఏడే రావలసింది" అన్నాడు. ఇంతవరకు ఈ వ్యవహారంలో నాకు అర్థమైన జవాబు అదొక్కటే.

ఆ కొలతలో నా లోటు లక్షా ఇరవై నాలుగు వేలకు తగ్గింది. ఒక పూట సుఖంగా ఉన్నాను. తరువాత, దేశం ఆదాయాన్ని పాత ధరల్లోకి మార్చినప్పుడు నా పింఛనును మార్చకపోవడం అన్యాయమని తోచి, మార్చాను. అది లక్షా ఎనభై ఎనిమిది వేలకు పడిపోయింది. లోటు రెండు లక్షల డెబ్బై రెండు వేలకు ఎక్కింది. అటుపైన 2011 నుంచి ప్రతి ఏటి దేశం అంకె పక్కన మా ఇంటి అంకె రాసి పట్టిక తయారుచేశాను. పోయిన కుర్చీ ఎన్నేళ్లయినా ఒక్క కుర్చీయే. ఇది ఏటా పెరుగుతోంది. దేశం మెట్లెక్కుతుంటే నేను కింద నిలబడి మెట్లు లెక్కపెడుతున్నాను.

ఏ క్షణాన ఏ నోటీసు వస్తుందోనని,
పెద్దిరాజు

తా.క.: ఎవరూ రారని తమరు రాసినా, ఒకటో తేదీన రిజిస్టరు పట్టుకుని గుమ్మంలో కూర్చున్నాను. పదకొండు గంటలకు కాగితాలు బిగించిన అట్ట పట్టుకుని ఒకాయన వచ్చాడు. నా లోటంతా ఏడాదివారీగా వివరించాను. ఓపిగ్గా విని, గ్యాసు మీటరు ఎక్కడుందని అడిగాడు.

*

వైశాలి,
2025 అక్టోబరు 16.

పెద్దిరాజు బాబాయిగారికి,

ఇది కార్యాలయం ఉత్తరం కాదు. ఇంటినుంచి రాస్తున్నాను.

సొమ్ము మొత్తం పేర్కొన్న ప్రతి ఉత్తరం నకలూ మా దగ్గర ఆడిట్‌కు వెళ్లాలి. మీ మూడు ఉత్తరాలూ వెళ్లాయి. నిన్న నాకు మెమో వచ్చింది. 'ఈ విభాగం వివరించిన మొత్తంలో నాలుగు లక్షల ఎనభై నాలుగు వేలు తనకు అందలేదని ఒక పౌరుడు రాతపూర్వకంగా తెలిపియున్నాడు. ఫైలు ఎవరి అధీనంలో ఉన్నదో ఆ ఉద్యోగి సదరు మొత్తాన్ని పదిహేను రోజుల్లో చూపవలెను. చూపనిచో జీతంలోంచి రాబట్టబడును.'

సగటు అంటే ఏమిటో ఆడిట్ అధికారికి గంటసేపు చెప్పాను. ఆయన అంతా విని, "మేడమ్, ఔసత్ తో ఠీక్ హై. రసీద్ కహాఁ హై?" అన్నారు. సగటు సరే, రసీదేదని!

మా ఇంట్లో తలలు ఆరు. అత్తమామలు, ఇద్దరు పిల్లలు, గురుగ్రామ్‌లో ఉద్యోగం పోయిన మా ఆయన, నేను. అందరం తినేది నా ఒక్క జీతం మీదే. భయపడవద్దని మీకు రెండుసార్లు రాసిన నేనే ఇప్పుడు మిమ్మల్ని అడుగుతున్నాను. ఆ కుర్చీ విషయంలో మీరు సంజాయిషీ ఏమని రాశారు?

అరుంధతి

తా.క.: నాలుగు వాయిదాలు వాళ్లే ఇచ్చారా, మీరు అడగవలసి వచ్చిందా?

*

ఇందిరాపురం,
2025 అక్టోబరు 21.

అమ్మా అరుంధతీ,

నేను రాసిన సంజాయిషీ నీకు పనికిరాదు. అది రాశాకే నా జీతం కోశారు. నీకు పనికివచ్చేది దీనితో జతపరిచాను.

'ఇందిరాపురం వాస్తవ్యుడు పెద్దిరాజు అను నేను, నా ఇంటి నాలుగు తలలకు రావలసిన తలసరి ఆదాయపు బాకీ రూ. 4,84,000 పూర్తిగా ముట్టినదని ఒప్పుకుని రాసి ఇచ్చిన రసీదు. సాక్షులు: హైమవతి, నాగేంద్రమ్మ.'

ముప్పై మూడేళ్ల ఉద్యోగంలో, రాని వస్తువుకు నేను ఎన్నడూ రసీదు ఇవ్వలేదు. ఇదే మొదటిది. ఇకమీదట నాలుగు లక్షల ఎనభై నాలుగు వేలు ఉన్న మనిషిగా బతకాలి. అది మరో రకం భయం, అలవాటు చేసుకుంటాను. నువ్వు పిల్లల్ని చూసుకో.

బాబాయి,
పెద్దిరాజు

తా.క. 1: ఆ సొమ్ము ఎక్కడని రేపు ఎవరైనా వస్తే మేడమీద నీళ్లట్యాంకు పక్కన ఉందంటాను. మెట్లెక్కి చూసే అధికారి నాకు ఇంతవరకు తగల్లేదు.

తా.క. 2: వదినగారి కంటికట్టు ఈమధ్యే విప్పారు. సాక్షి సంతకానికి ముందు కాగితం ఆసాంతం చదివారు. ఆవిడ వంతు రెండు లక్షల అయిదు వేలు ఎప్పుడిస్తానని నిన్నటినుంచి అడుగుతున్నారు. సగటు గురించి నీ ఉత్తరంలో ఉన్నదంతా విడమరిచి చెప్పాను. "సగటు సరే మరిదిగారూ, సంతకం మీదే కదా?" అంటున్నారు.