మెత్తటి గుడ్డలు

అక్టోబర్ 3, శుక్రవారం

తువ్వాలు 6.40.

వాగవతల అత్తయ్య తన వరండా కమ్మీ మీద తెల్ల తువ్వాలు వేసిందంటే క్షేమంగా లేచిందని అర్థం. జూన్ వరదలో వంతెన కొట్టుకుపోయినప్పటి నుంచి ఇదే ఏర్పాటు. అక్కడ ఫోను పలకదు. మా ఆయన డెల్మర్ రోజూ నడుము లోతు నీళ్లలో దిగి సరుకులు ఇచ్చి వస్తున్నాడు. చలికాలంలో దిగలేడు. మా ఇంట్లో ఉండమని అడిగిస్తే ఎనభై నాలుగేళ్ల మనిషి పంపిన జవాబు: "వెర్నా పెట్టే కాఫీ నీళ్లలా ఉంటుందిరా, నేను రాను."

అక్టోబర్ 4, శనివారం

ఫైర్ స్టేషన్ హాల్లో కొత్త నడక వంతెన పని మొదలైంది. చర్చి వాళ్లు ఎనిమిది మంది. ఎలా చేయాలో చెప్పేవాడు రేమండ్, ఫైబర్‌గ్లాస్ దూలాల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైనవాడు. దూలాలను ఎపాక్సీ జిగురుతో అతకాలట. డెల్మర్ ముప్పయ్యేళ్ల వెల్డరు. "జిగురుతో వంతెనా బాబాయ్? పిల్లల గాలిపటమా ఇది?" అన్నాడు. బోల్టులు దట్టంగా వేద్దామన్నాడు. "బెజ్జం వేసిన ప్రతిచోటా దూలంలోని గాజు నారలు తెగుతాయిరా. ఇది ఇనుము కాదు" అన్నాడు రేమండ్.

ఉప్పుకాగితంతో రుద్దడం, జిడ్డు తీసే సాల్వెంటుతో తుడవడం, అతకడం. ప్రతి అతుకుతో పాటు అలాగే అతికిన ఒక చిన్న నమూనా ముక్క, తర్వాత లాగి బలం చూడడానికి. వేడి, టైము, జిగురు పాళ్లు నోటుబుక్కులో రాసే పని నాది. హాల్లో 68 డిగ్రీల ఫారెన్‌హీట్. తుడిచే కాగితాలు అయిపోయాయి. వచ్చే వారం గుడ్డలు నేను తెస్తానన్నాను.

అక్టోబర్ 11

డెల్మర్ పాత బనియన్లు ఉతికి, కత్తిరించి, మడతపెట్టి తీసుకెళ్లాను. రెండు అతుకులు పూర్తి. "ఎంత మెత్తగా ఉన్నాయమ్మా వెర్నా" అని రేమండ్ మెచ్చుకున్నాడు. లోపల పొంగిపోయాను.

అక్టోబర్ 14

వాన. వాగు ఎర్రగా పొంగింది. తువ్వాలు 7.20. ఆ నలభై నిమిషాలూ కిటికీ దగ్గరే నిలబడ్డాను.

అక్టోబర్ 18

నమూనాలు లాగి చూశారు. మొదటి వారం ముక్క చీపురులా నారలు చీలి తెగింది. అలాగే తెగాలట: దూలం చీలాలి గాని జిగురు వదలకూడదు. రెండో వారం ముక్కలు రెండూ ఉడికిన గుడ్డు పెంకులా నున్నగా ఊడివచ్చాయి.

డెల్మర్ ముఖం వెలిగిపోయింది. "చెప్పానా లేదా? సోమవారం డ్రిల్లు తెస్తా, నలభై బోల్టులు." రేమండ్ టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

అక్టోబర్ 19, ఆదివారం

నోటుబుక్కు రెండుసార్లు చదివాను. రెండు వారాలూ వేడి ఒకటే, పాళ్లు ఒకటే. మారింది గుడ్డలు.

నేను బట్టలు ఉతికాక మెత్తబడడానికి ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ పోస్తాను.

రెండు దూలం తుక్కు ముక్కలను ఉప్పుకాగితంతో రుద్దాను. ఒకటి నా గుడ్డతో, ఒకటి కొత్త కాగితంతో తుడిచి నీళ్లు పోశాను. కాగితంతో తుడిచిన దాని మీద నీళ్లు పలచగా పరుచుకున్నాయి. నా గుడ్డతో తుడిచిన చోట జిడ్డు గిన్నె మీదలా బొట్లుబొట్లుగా నిలిచాయి; ఆ సాఫ్ట్‌నర్ జిడ్డు మీదే జిగురు పట్టలేదు.

రెండు ముక్కలూ కిటికీ గట్టు మీద పెట్టాను. నోరు మూసుకుంటే జిగురుదే తప్పవుతుంది. డెల్మర్ బోల్టులు దిగుతాయి, మంచి దూలాలు కూడా బలం కోల్పోతాయి. దాని మీద నడిచేది అత్తయ్య.

చిక్కుడుగింజలు, మొక్కజొన్న రొట్టె వడ్డించి చెప్పేశాను. డెల్మర్ చెంచా పట్టుకుని అలాగే చూశాడు. "ముప్పయ్యేళ్లు నా బనియన్లు మెత్తగా ఉన్నాయని నేను ఒక్కసారీ మెచ్చుకోలేదు. దానికి కక్ష తీర్చుకున్నావా?" అన్నాడు. తర్వాత లేచి తనే రేమండ్‌కు ఫోను చేశాడు.

అక్టోబర్ 25

అతుకులు రెండూ విప్పి, రుద్ది, కాగితంతో తుడిచి మళ్లీ అతికాం. జిగురు పూసే ముందు ప్రతిచోటా నీళ్లు పోసి చూసి, ఆరబెట్టి, "సరే" అనడం ఇకనుంచి నా పని. నేను అనేదాకా ఎవరూ డబ్బా మూత తీయడం లేదు.

నవంబర్ 1

నమూనాలు చీపురులా తెగాయి. డెల్మర్ ఒక ముక్క జేబులో వేసుకున్నాడు.

నవంబర్ 8

ఎనిమిది మంది వంతెనను భుజాల మీద మోసుకెళ్లి వాగు మీద పెట్టేశారు. క్రేను లేదు. అతుకుల దగ్గర ఒక్క బోల్టూ లేదు.

నవంబర్ 9, ఆదివారం

6.40, తువ్వాలు లేదు. 7.00, లేదు. 7.05కి ఇంటి చెప్పులతోనే పరిగెత్తాను. వంతెన కాస్త ఊగింది, మోసింది.

అత్తయ్య బల్ల మీద రెండు కప్పులు పెట్టుకుని కూర్చుంది. "తువ్వాలెందుకే? దారుందిగా, వచ్చి చూసుకో" అంది.

కాఫీ చిక్కగా ఉంది.