పెనుకొండ దాటాక రాక్షసుడు మాట్లాడాడు

ఒరేయ్ చిన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ధర్మవరంలో హిందూపురం రైలెక్కి, నీ ఫోన్‌లో మన నేలమాళిగ ఆట తెరిచాను. అట్టడుగున ఆ రాక్షసుడు ఎప్పటిలాగే రెండు చేతులూ పైకెత్తి నిలబడి ఉన్నాడు. "అక్కా, వాడు నోరు తెరిచేలోపే పొడిచెయ్యాల" అనేవాడివి. ఇద్దరం ఈ రైలెక్కినప్పుడల్లా పెనుకొండ స్టేషన్ రాకముందే వాణ్ణి చంపేసేవాళ్లం.

కత్తి ఎత్తాను. పక్క సీటులో అవ్వ తొంగిచూసి, "ఏం పాపా, వాడేం చేసినాడని పొడుస్తాండావు?" అంది.

కత్తి దించాను. పెనుకొండ దాటింది. అప్పుడు వాడు నోరు తెరిచాడు.

"నన్ను చంపితే ఈ కప్పు ఎవరు మోస్తారు? దీని కింద ఊరుంది."

వాడు చేతులెత్తింది మనల్ని కొట్టడానికి కాదురా! మనం గెలిచినప్పుడల్లా ధడధడమని చప్పుడొచ్చేది. నువ్వు ఈలేసేవాడివి, నేను చప్పట్లు కొట్టేదాన్ని. అది ఆ ఊరి మీద కప్పు కూలిన చప్పుడు.

నేనిక పొడవలేదు. హిందూపురం వచ్చేసరికి ఆట గడువు ముగిసి, తెర మీద "ఓడిపోయావు" అని పడింది. నీ పేరు కింద అలా పడడం ఇదే మొదటిసారి.

కోపమొస్తే వచ్చి తిట్టిపో.

అక్క