పేరు గుర్తులేని తమ్ముడు

లారెల్ లోయ, టెనెసీ
1935 అక్టోబరు 9

వెర్డీ అక్కకు, నాన్నా నేనూ బాగానే ఉన్నాం, బెంగపెట్టుకోకు.

వచ్చే వసంతానికి ఆనకట్ట నీళ్లు మన పొలాన్ని ముంచేస్తాయి. అందుకని నిన్న మనవాళ్ల సమాధులు తవ్వి కొండ మీది చర్చికి మార్చారు. అడవి కొట్టి ఈ పొలం చేసిన తాతయ్యా, అమ్మా పెట్టెల్లోనే ఉన్నారు. పుట్టిన తొమ్మిదో రోజునే పోయిన తమ్ముడి గోతిలో మాత్రం నల్లమట్టి తప్ప ఏమీ లేదు. పనివాళ్లు పూడ్చేయబోతే నాన్న గోతిలోకి దిగాడు. "ఆ మట్టే నా కొడుకయ్యా, దాన్నే ఎత్తండి" అన్నాడు. ఆ మట్టి పోసిన పెట్టెను బండిలో కొండదాకా ఒళ్లోనే పెట్టుకున్నాడు.

రాతి మీద ఏం చెక్కమంటారని అడిగితే నాన్నకు పేరు గుర్తు రాలేదు, నేనా అప్పటికి పసివాణ్ని. "మీ అమ్మకి తెలుసురా" అంటూ ఏడ్చాడు. నీకైనా గుర్తుందా? లేకపోతే అమ్మ బైబిల్ నీ దగ్గరే ఉందిగా, వెనక పేజీలో పిల్లల పేర్లు చూసి వెంటనే రాయి.

మొక్కజొన్న కోత అయిపోయింది, ఈ నేలలో ఇదే ఆఖరు. ఆవును ఎవరికివ్వమంటావు? బావకు దగ్గు తగ్గిందా? పిల్లలకు నా ముద్దులు.

బైబిల్లో లేకపోతే ఏదో ఒక పేరు నువ్వే పెట్టు అక్కా. వాణ్ని ఎత్తుకున్నవాళ్లలో ఇక నువ్వూ నాన్నే మిగిలారు.

నీ తమ్ముడు
ఓడెల్