అత్తగారి గొంతు

మార్చి 4

చిరుతపులి గొంతు ఇవాళ్టితో పూర్తయింది. పదకొండు రోజులు పట్టింది.

ఈ సినిమాలో చిరుత పద్నాలుగు మందిని తింటుంది. హీరో దాన్ని రెండున్నర గంటల సేపు వేటాడతాడు. ఇంతా చేసి షూటింగ్‌లో చిరుతే లేదు. ఒంటికి అంటుకుపోయే పచ్చ బట్టలు తొడుక్కుని ఒకాయన నాలుగు కాళ్ల మీద పాకుతాడు. తర్వాత కంప్యూటర్లో ఆయన్ని చెరిపేసి అక్కడ చిరుతను పెడతారు. దానికి గొంతు పెట్టడం నా పని.

మా సౌండ్ లైబ్రరీలో ఉన్న అసలు చిరుతల గొంతులు డైరెక్టర్‌కు వినిపించాను. ఇందులో భయం ఎక్కడుందమ్మా అన్నాడు. ఎవరూ విననిది కావాలన్నాడు. సరేనని ఇనుప బీరువాను గచ్చు మీద ఈడ్చి, ఆ చప్పుడు స్పీడు తగ్గించి, అడుగున అన్నయ్య గురక కలిపాను. గురకను వదిన ఫోన్లో రికార్డు చేసి పంపింది. పెళ్లైన పన్నెండేళ్లకు మీ అన్నయ్య గురక ఒకరికి పనికొచ్చింది అని కింద రాసింది.

డైరెక్టర్ విని, కళ్లు మూసుకుని, ఇది ఇది అన్నాడు. నేను గాల్లో తేలాను.

మార్చి 9

అన్నయ్య ఫోన్. లొకేషన్ సౌండ్ రికార్డిస్ట్ అతనే. ఇక్కడికి ఆరు గంటల దూరంలో, అడవిలో ఉన్నాడు. నేను చేసిన చిరుత గొంతును అక్కడ పెద్ద స్పీకర్లో వేస్తున్నారట, ఆర్టిస్టులు నిజంగా ఉలిక్కిపడాలని. యూనిట్ వాళ్లు దానికి అత్తగారు అని పేరు పెట్టారు. స్పీకర్ వేసే ముందు అసిస్టెంట్ అత్తగారొచ్చారు అని అరుస్తాడు. ఆ మాట వినపడగానే నలభై అయిదు మందీ చేస్తున్న పని ఆపి, ఎవరి పొజిషన్లో వాళ్లు బిగుసుకుపోవాలి. కట్ చెప్పేదాకా ఎవరూ కదలకూడదు. కదిలినవాణ్ని డైరెక్టర్ మైకులో ఉతికి ఆరేస్తాడట.

నాకింకా పెళ్లి కాలేదు. అత్తగారు మాత్రం తయారైంది.

మార్చి 12

రోజూ మధ్యాహ్నానికి ముందురోజు ఫైళ్లు వస్తాయి. వాటిలో నాకిష్టమైనది పచ్చబాబాయ్ మైకు. పచ్చ బట్టలాయనను అందరూ అలాగే పిలుస్తారు. ఊపిరి చప్పుడు కోసం ఆయన ఛాతీకి చిన్న మైకు పెట్టారు. అది నేను వింటానని ఆయనకు తెలుసు. టేకుల మధ్య నాతో మాట్లాడుతుంటాడు. అమ్మాయ్, ఇందాక తుమ్మాను, కోసెయ్. అమ్మాయ్, మోకాళ్లు కొట్టుకుపోయాయి, ఇది పులి మూలుగు కాదు, నాదే.

ఒకసారి ఫోన్ కూడా చేశాడు. ముప్ఫై ఏళ్లు స్టేజీ మీద రాజులూ మంత్రులూ వేశాడట. ఈ సినిమాలో నా మొహం ఎలాగూ ఉండదు, ఆ గొంతులో ఎక్కడో ఒక్క ఊపిరైనా నాది పెట్టు, మీ పిన్నికి చూపించుకుంటాను అన్నాడు. చూపించడం కాదు బాబాయ్, వినిపించడం అన్నాను. మీ పిన్ని ఏదీ వినదు, అందుకే చూపిస్తానన్నాను అన్నాడు.

ఒకటి కాదు, మూడు ఊపిర్లు పెట్టాను.

మార్చి 15

ఫైల్ 47లో ఏదో చప్పుడు. దూరంగా ఎవరో కర్ర కోస్తున్నారు. రంపం ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ. డైలాగ్ మీద పడింది.

అన్నయ్యకు ఫోన్ చేసి దులిపేశాను. చెవికి హెడ్‌ఫోన్సు అలంకారానికి పెట్టుకున్నావా అన్నాను. సెట్ వడ్రంగులు ఇంకా ఎక్కడో గుడిసె కడుతున్నట్టున్నారే, వాళ్ల నోరు మూయించగలను గానీ రంపం నోరు ఎలా మూయించను అన్నాడు.

మార్చి 16

ఇవాళ్టి ఫైళ్లలోనూ రంపం. మూడుసార్లు.

మార్చి 18, ఉదయం 11

రంపం వినపడిన ప్రతిచోటా టైము రాసుకుంటూ వచ్చాను, తీసేయడానికి వీలుగా ఉంటుందని. రాశాక కాగితం చూస్తే ఏదో తేడాగా అనిపించింది. ప్రతిసారీ ముందు మా అత్తగారు అరుస్తుంది, తర్వాతే రంపం. మొదటి రోజు నలభై సెకన్ల తర్వాత. మర్నాడు పాతిక. నిన్న తొమ్మిది.

వడ్రంగి మేస్త్రీ నంబరు సంపాదించి ఫోన్ చేశాను. టేకుల మధ్య రంపం ఆపించండి అని మర్యాదగానే అడిగాను. ఆయన నవ్వాడు. చేతి రంపం పట్టి పదేళ్లయిందమ్మా, మా దగ్గర అన్నీ కరెంటు కట్టర్లే, పైగా మా పని అయిపోయి వచ్చేసి వారం అయింది, ఇప్పుడు మా ఇంట్లో కూర్చుని మాట్లాడుతున్నాను అన్నాడు.

ఫోన్ పెట్టేశాను. తర్వాత లైబ్రరీ తెరిచి, డైరెక్టర్ భయం లేదన్న అసలు చిరుతల గొంతులు వేశాను. ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ. రంపం.

నేను పదకొండు రోజులు కష్టపడి చేసిన గొంతుకు అడవిలోంచి ఎవరో జవాబు చెబుతున్నారు.

మధ్యాహ్నం 1

అన్నయ్య నమ్మలేదు. నీకు చిన్నప్పటినుంచీ చాదస్తం అన్నాడు. ఆ చప్పుడు శుభ్రం చేసి ఆరు సెకన్ల క్లిప్ పంపాను. పది నిమిషాల తర్వాత ఫోన్ చేసి, మూడుసార్లు విన్నానే అన్నాడు. డైరెక్టర్‌కు చెబుతానన్నాడు. కాస్త ఊపిరి పీల్చుకున్నాను.

మార్చి 19

డైరెక్టర్ స్వయంగా ఫోన్ చేశాడు. ప్యాకప్ చెప్పానంటాడేమో అనుకున్నాను. మేడమ్ అన్నాడు. ఇన్నాళ్లూ నన్ను అమ్మా అనే పిలిచాడు. అద్భుతం మేడమ్, మనం చేసినదానికంటే బావుంది అన్నాడు. స్పీకర్ కట్టేయండి సార్, దాన్ని మనమే పిలుస్తున్నాం అన్నాను. మంటలు వేయిస్తున్నాం, డప్పుతో ఇద్దరిని పెట్టాం, అది మనుషులను చూస్తే పారిపోయే జాతి, మీరు కంగారు పడకండి అన్నాడు. ఆయన చెడ్డవాడు కాడు. సినిమా తప్ప ఇంకేదీ ఆయన తలకెక్కదు, అంతే.

ఫైల్ 98లో పచ్చబాబాయ్. అమ్మాయ్, అసలుది వచ్చిందటగా, ఇక నా ఉద్యోగం ఊడినట్టే.

నేను నవ్వాను. గట్టిగానే నవ్వాను. నవ్వాల్సిన సంగతి కాదని తెలిసి కూడా నవ్వాను.

మార్చి 20

అన్నయ్య నసుగుతూ చెప్పాడు. ఇవాళ స్పీకర్లో వేసింది నా అత్తగారిని కాదు. నేను పంపిన క్లిప్. డైరెక్టర్ అన్నయ్య ఫోన్లోంచి తీసుకుని, ఆరు సెకన్లను తిప్పి తిప్పి వేయించాడట.

ఏం తిట్టానో గుర్తులేదు. నమ్మించడానికి పంపాను, వేసుకోవడానికి కాదు అన్నాను. ఆగమని చెప్పాను, వినలేదే, ఇంకో రెండు రోజుల పనే ఉంది అన్నాడు. నువ్వు బయల్దేరి వచ్చెయ్ అన్నాను. నేనొస్తే మిగతావాళ్లో అన్నాడు.

ప్రొడక్షన్ మేనేజర్‌కు ఫోన్ చేశాను. ఫారెస్ట్ వాళ్లకు మాత్రం చెప్పొద్దు తల్లీ, పర్మిషన్ పీకేస్తారు, సాయంత్రం నేనే డైరెక్టర్‌తో మాట్లాడతాను అని బతిమాలాడు. సరే అన్నాను. రేపు ఉదయం దాకా చూద్దామనుకున్నాను.

మార్చి 21, ఉదయం 9

మేనేజర్ ఏమీ మాట్లాడలేదట. ఫారెస్ట్ ఆఫీసుకు ఫోన్ చేసి అంతా చెప్పేశాను. మధ్యాహ్నం జీపు బయల్దేరుతుంది, షూటింగ్ ఆపిస్తాం అన్నారు. ఉద్యోగం పోతే పోనీ.

సాయంత్రం 7

అన్నయ్య ఫోన్. ముందు ఏడుపే. అతను బతికే ఉన్నాడని ఆ ఏడుపు వల్లే తెలిసింది. తర్వాత ముక్కలు ముక్కలుగా చెప్పాడు. ఉన్నదున్నట్టు రాసుకుంటున్నాను.

అయిదూ నలభై. స్పీకర్ బ్యాటరీ అయిపోయింది. అసిస్టెంట్ కొత్తది తేవడానికి వ్యాను దగ్గరికి వెళ్లాడు. డప్పులవాళ్లు టీకి వెళ్లారు. ఫారెస్ట్ జీపు అప్పటికే గేటు దగ్గరికి వచ్చి ఉంది, మేనేజర్ ఏవో కాగితాలు చూపిస్తూ వాళ్లను మాటల్లో పెట్టాడు. పచ్చబాబాయ్ గడ్డిలో తనకు గుర్తు పెట్టిన చోట నాలుగు కాళ్ల మీద ఉన్నాడు.

నిచ్చెన మీదున్న లైట్‌మ్యాన్ దాన్ని చూశాడు. బండ మీదినుంచి దిగి గడ్డిలోకి వెళుతోందట. అరిచాడు. చిరుత అనలేదు, పారిపోండి అనలేదు. పన్నెండు రోజులుగా అందరి నోటా నానుతున్న మాటే అతని నోటికొచ్చింది. అత్తగారొచ్చారు అని అరిచాడు.

అక్కడున్న నలభై మందీ బిగుసుకుపోయారు. కెమెరా తిరిగింది. హీరో తుపాకీ ఎత్తి పోజు పెట్టాడు. లైట్‌మ్యాన్ మళ్లీ మళ్లీ అదే మాట అరిచాడట, అతనికి ఇంకో మాట దొరకలేదు. అతను అరిచిన కొద్దీ వీళ్లు మరింత కదలకుండా నిలబడ్డారు. పదకొండు సెకన్లు.

ఆ తర్వాత కదిలారు. తుపాకీ ఉత్తిది. ఫారెస్ట్ వాళ్లు పరుగెత్తుకొచ్చి గాల్లోకి కాలిస్తే అది వదిలి వెళ్లిపోయింది. పచ్చబాబాయ్‌ను ఆసుపత్రికి తీసుకెళ్లారు.

ఈ నాలుగు ముక్కలు గోడకు ఆనుకుని కింద కూర్చుని రాస్తున్నాను.

మార్చి 22

తెల్లవారి ఆరింటికి పచ్చబాబాయ్ పోయాడు.

మార్చి 24

ఏ క్షణంలో ఏం జరిగిందో సెకన్లతో సహా రాసివ్వమని పోలీసులు అడిగారు. అన్నయ్య పచ్చబాబాయ్ మైకు ఫైల్ 112 పంపాడు. నావల్ల కాదే, ఒకసారి హెడ్‌ఫోన్సులో విన్నాను, చాలు అన్నాడు. కాబట్టి నేను.

తలుపు వేసుకున్నాను. పెన్ను, కాగితం పెట్టుకున్నాను. మామూలు పని అనుకోమని నాకు నేను చెప్పుకున్నాను.

సున్నా నుంచి నాలుగు: పచ్చబాబాయ్ ఊపిరి, మోకాళ్ల కింద గడ్డి. నాలుగు: లైట్‌మ్యాన్ అరుపు. అయిదు నుంచి తొమ్మిది: ఏమీ లేదు. నలభై మంది నిలబడి ఉంటే ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో అంత. మధ్యలో మళ్లీ లైట్‌మ్యాన్. తొమ్మిది: రంపం. దూరం కాదు, ఆయన వెనకే.

పదకొండు: పచ్చబాబాయ్ గుసగుస. టేకులో పులి మాట్లాడకూడదు కదా, పెదవి కదపకుండా నాకు మాత్రమే వినపడేట్టు అన్నాడు.

అమ్మాయ్, ఇవాళ వెన్ను జలదరించింది. చాలా బాగా చేశావు.

పదిహేను తర్వాత కాగితం మీద ఏమీ రాయలేకపోయాను. అయినా చివరిదాకా విన్నాను. ఎవరో ఒకరు వినాలి. ఆయన తలతిప్పి చూడకపోవడానికి కారణం నేను. వెనక ఉన్నది నా పనితనం అనుకున్నాడు.

మార్చి 25

అత్తగారి ఫైళ్లు తీసేశాను. పచ్చబాబాయ్ ఊపిర్లు మూడూ విడిగా దాచాను. రాజీనామా రాశాను. డైరెక్టర్ నుంచి నాలుగు మిస్డ్ కాల్స్. ఎత్తలేదు. సినిమాకి ఫైల్ 112 అడుగుతాడని భయం. క్షమాపణ అడుగుతాడని అంతకంటే భయం.

ఏప్రిల్ 2

పిన్ని ఫోన్ చేసింది. ఆయన మైకు నువ్వే వింటావటగా, ఆఖరున ఏమైనా అన్నాడా అని అడిగింది.

ఎవరి పనినో మెచ్చుకున్నాడు పిన్నీ అన్నాను.

మొదటినుంచీ ఆయన అంతేనమ్మా అంది. ఎవరి పనిని అని అడగలేదు.