చిన్నక్క స్కాన్‌లో రెండు మచ్చలు

ఆర్‌ఎంపీ వీరభద్రం గారికి,

నమస్కారం. చిన్నక్క తొడలోని రాడ్డు చుట్టూ చీముందేమోనని ఆమె రక్తంలోంచి తీసిన తెల్లకణాలకే రేడియోధార్మిక గుర్తుపెట్టి, తిరిగి ఎక్కించి స్కాన్ చేశాను. అవి చీము, వాపు ఉన్న చోటికి చేరతాయి. రాడ్డు దగ్గర ఏమీ కనబడలేదు. రెండు పిరుదుల మీద మాత్రం చెరొక మచ్చ వెలిగింది.

“సూదులు వేయించుకున్నావా?” అని అడిగాను. “గట్లాంటియేం లేవు సారూ” అంటూ తలుపు దగ్గరున్న మిమ్మల్ని చూసింది. మీరు బయటికెళ్లాక, “వాగు పొంగినా మా గూడేనికి వచ్చేటోడు ఆయనొక్కడే” అంది.

మీరు యాంటీబయాటిక్ ఇచ్చి ఉంటే, రాడ్డు దగ్గర చీమున్నా కనబడకపోవచ్చు; ఈ స్కాన్‌ను నమ్మలేను. చీము లోపలే మిగిలితే ఆమె కాలు పోవచ్చు. ఏ మందు, ఎన్ని రోజులు ఇచ్చారో దయచేసి చెప్పండి. సర్జన్‌కు పంపాల్సిన రిపోర్టును గురువారం దాకా ఆపాను. అందులో మందు పేరుంటుంది, మీ పేరుండదు.

ఇట్లు,
స్కాన్ చేసిన డాక్టరు